ఖర్చు తగ్గించాలా అని జనాన్ని అడిగే ముందు

"ప్రభుత్వం ఖర్చులు తగ్గించి దేశం అప్పు దించాలంటారా?" అని మొదటిసారి ఒక పెద్దాయనను అడిగాను. ప్రశ్న పూర్తి కాకుండానే "తగ్గించాలమ్మా, తగ్గించి తీరాలి" అన్నారు. 'అవును' గడిలో టిక్ పెట్టి పేజీ తిప్పాను. అక్కడ పద్దుల జాబితా ఉంది. పెన్షన్లు? "వాటి జోలికి పోకూడదు." ఆస్పత్రులు? "ఉన్నవే చాలట్లేదు." బడులు? "పిల్లల దగ్గరా పొదుపు?" రోడ్లు, పోలీసు, సైన్యం అన్నిటికీ తల అడ్డంగానే ఊపారు. "మరి ఎక్కడ తగ్గించమంటారండీ?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "దుబారా ఉంటుంది కదమ్మా, దాన్ని తగ్గించాలి" అన్నారు.

సాయంత్రం మా సూపర్‌వైజర్ ఆ ఫారం చూసి, "పొంతన లేని జవాబులు, పక్కన పెట్టు" అన్నారు. ఆ మాట నాకు అప్పుడే నచ్చలేదు. ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగి, ఆ తర్వాత ప్రశ్నావళులు రాసే పనిలోకి వచ్చాక ఇంకా నచ్చడం లేదు. పెద్దాయన చెప్పినదాంట్లో తప్పు లేదు. మేం అడిగిందే సగం ప్రశ్న. అప్పు తగ్గుతుందన్న లాభం ఆయన ముందు పెట్టాం, అందుకు ఏం వదులుకోవాలో చెప్పలేదు.

కాలేజీ ప్రాజెక్టు కోసమో, సంఘం తరఫునో, పత్రిక కోసమో మీరు ఈ విషయం మీద జనాభిప్రాయం సేకరించబోతుంటే, నేను నేర్చుకున్న పద్ధతి చెబుతాను. ఇది పెద్ద బడ్జెట్ లేకుండా కూడా చేయొచ్చు. ఓపిక మాత్రం కావాలి.

ముందు మీ లెక్క సరిచూసుకోండి

లోటు వేరు, అప్పు వేరు. ప్రభుత్వం ఏడాదికి 100 ఖర్చు పెడుతోంది, 85 రాబడి వస్తోంది అనుకోండి. మిగిలిన 15 లోటు. ఏళ్ల తరబడి అలాంటి లోట్ల కోసం తెచ్చినవి పేరుకుంటే అప్పు. ఇప్పుడు ఖర్చులో 5 కోస్తే లోటు 10కి దిగుతుంది. అప్పు మాత్రం ఆ ఏడాది కూడా మరో 10 పెరుగుతుంది. "అంత కోత పెట్టారు కదా, అప్పు ఇంకా పెరిగిందేంటి?" అని నన్ను కోపంగా నిలదీసినవాళ్లు చాలామంది. వాళ్లకు ఈ చిన్న లెక్క ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ప్రశ్నలో 'అప్పు తీర్చడానికి' అని రాయాలా, 'అప్పు పెరిగే వేగం తగ్గించడానికి' అని రాయాలా అన్నది ముందే తేల్చుకోండి. రెండూ ఒకటి కావు.

ఇంకో సంగతి. అప్పును దేశం మొత్తం ఆదాయంతో పోల్చి చెప్పే లెక్క ఉంది. అప్పు కంటే ఆదాయం వేగంగా పెరిగితే, అసలు తీర్చకపోయినా ఆ నిష్పత్తి తగ్గుతుంది. అలాగే కోతల వల్ల వ్యాపారం మందగించి పన్ను రాబడి పడిపోతే, అనుకున్నంత ఫలితం రాదు. దీని మీద ఆర్థికవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది. కాబట్టి 'ఖర్చు తగ్గిస్తే అప్పు తగ్గుతుంది' అని ఖాయం చేసే వాక్యం మీ ప్రశ్నలో ఉండకూడదు. అది ఉంటే మీరు అభిప్రాయం అడుగుతూనే జవాబు కూడా నేర్పిస్తున్నట్టు.

మొత్తం ఒకసారి, పద్దులు ఒకసారి

మొత్తం ఖర్చు గురించి అడిగితే ఒక దేశం కనిపిస్తుంది, పద్దుల వారీగా అడిగితే ఇంకో దేశం కనిపిస్తుంది. 1967లోనే లాయిడ్ ఫ్రీ, హాడ్లీ క్యాంట్రిల్ అనే పరిశోధకులు అమెరికన్ల విషయంలో దీన్ని రాసిపెట్టారు. సూత్రంగా అడిగితే ప్రభుత్వం చిన్నగా ఉండాలన్నారు, ఒక్కొక్క పనీ పేరు పెట్టి అడిగితే ప్రభుత్వమే చేయాలన్నారు. ఇన్నేళ్లయినా అది మారలేదు. 2023లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ, ఎన్‌ఓఆర్‌సీ అనే పరిశోధన సంస్థ కలిసి చేసిన సర్వేలో 60 శాతం మంది అమెరికా ప్రభుత్వం మరీ ఎక్కువ ఖర్చు పెడుతోందన్నారు. అదే సర్వేలో చదువు మీద పెడుతున్నది చాలదన్నవాళ్లు 65 శాతం, వైద్యం మీద చాలదన్నవాళ్లు 63 శాతం. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో 19 పద్దులు ఒక్కొక్కటిగా అడిగితే, 18 పద్దుల్లో ఎక్కువమంది 'పెంచండి' లేదా 'ఇలాగే ఉంచండి' అన్నారు. మిగిలిన ఆ ఒక్క పద్దు, బయటి దేశాల్లోని పేదలకు ఇచ్చే సాయం. దాన్ని తగ్గించమన్నవాళ్లు కూడా 48 శాతమే.

ఆ సాయం ఎంతో తెలుసా? అప్పట్లో అమెరికా బడ్జెట్‌లో సుమారు ఒక శాతం. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వేల్లో జనం వేసిన అంచనా సగటున పావు వంతు దగ్గర తేలింది. అంటే కోయడానికి ఎక్కువమంది సరేనన్న చోట కోసేటంత సొమ్మే లేదు. సొమ్ము ఉన్న చోట కోయనివ్వరు. మీ ప్రశ్నావళి ఈ చిక్కును బయటపెట్టాలి, కప్పిపెట్టకూడదు.

సర్వేల్లోనే కాదు, ఓట్లలోనూ ఇదే. స్విట్జర్లాండ్‌లో 2001 డిసెంబర్ 2న, ప్రభుత్వ ఖర్చుకు పగ్గం వేసే 'అప్పు బ్రేకు' నియమానికి 84.7 శాతం ఓటేశారు. 2024 మార్చి 3న అదే దేశంలో వృద్ధాప్య పెన్షన్‌ను ఏడాదికి 13 నెలలకు ఇవ్వాలన్న ప్రతిపాదనకు 58.2 శాతం ఓటేశారు. అదే రోజు రిటైర్మెంట్ వయసు పెంచే ప్రతిపాదనను నలుగురిలో సుమారు ముగ్గురు తిప్పికొట్టారు. ఈ మూడు ఓట్లనూ కలిపి చూసి 'జనానికి నిలకడ లేదు' అనడం తేలిక. నేను ఒప్పుకోను. మొదటి ఓటులో ఏ పద్దు పేరూ లేదు, రెండో ఓటులో చేతికొచ్చే సొమ్ము ఉంది. అడిగిన ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పారు.

అందుకని రెండు రకాల ప్రశ్నలూ పెట్టండి. మొత్తం గురించిన ప్రశ్న మొదట్లో ఒకసారి, పద్దులన్నీ అయ్యాక చివర్లో మళ్లీ ఒకసారి అడగండి. ఎంతమంది మాట మార్చారో విడిగా లెక్కపెట్టండి. నా అనుభవంలో ఏ ఒక్క శాతం కంటే ఈ మార్పే ఎక్కువ చెబుతుంది.

పద్దు పేరు దగ్గర ఆగండి

చికాగో విశ్వవిద్యాలయంలోని ఎన్‌ఓఆర్‌సీ 1972 నుంచి నడుపుతున్న జనరల్ సోషల్ సర్వే ఉంది. 1984 నుంచి అందులో ఒక ప్రయోగం పెట్టారు. కొంతమందిని 'వెల్ఫేర్' మీద ఖర్చు గురించి అడిగారు, మరికొంతమందిని 'పేదలకు సహాయం' గురించి అడిగారు. ఖర్చు చాలడం లేదు అన్నవాళ్లు మొదటి మాటకు సుమారు పావు వంతు. రెండో మాటకు మూడింట రెండు వంతుల దగ్గరికి వచ్చారు. రెండూ దాదాపు ఒకటే పని, పేరే వేరు.

తెలుగులో కూడా ఈ ప్రమాదం అడుగడుగునా ఉంది. 'ఉచితాలు' అంటే ఒక జవాబు, 'సంక్షేమం' అంటే ఇంకో జవాబు, 'పేదలకు సాయం' అంటే మూడో జవాబు. 'కోత' అన్న మాట వినగానే మనిషి ముడుచుకుంటాడు, 'పొదుపు' అంటే సరేనంటాడు. 'తగ్గించడం' కాస్త నడిమి మాట, నేను దాన్నే వాడతాను. పద్దుకు బిరుదు కాకుండా అది చేసే పని రాయండి: 'అరవై దాటినవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు', 'ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టర్లు, మందుల ఖర్చు'. ఒకవేళ ఏ మాట వాడాలో తేల్చుకోలేకపోతే, సగం ఫారాల్లో ఒక మాట, సగం ఫారాల్లో ఇంకో మాట వేయండి. ఎవరికి ఏ ఫారం వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చండి, మీ ఇష్టానికి వదలకండి.

ఒక తప్పు నేనే చేశాను. సర్వే చేయించుకున్న ఒక సంస్థవాళ్లు ప్రశ్నలో 'అనవసర ఖర్చులు' అని పెట్టమన్నారు. అప్పటికి నేను కొత్త, ఎదురు చెప్పలేకపోయాను. అనవసర ఖర్చు తగ్గించాలా అంటే వద్దనేవారు ఎవరుంటారు? నాలుగు వారాలు మా సర్వే పిల్లలు ఎండలో తిరిగి తెచ్చిన ఫారాలన్నిటిలో ఒకే జవాబు. ఆ జవాబు ఎవరికీ ఏమీ చెప్పదు, కానీ ఆ సంస్థ దాన్ని పెద్ద అక్షరాలతో వేసుకుంది. అప్పటి నుంచి 'అనవసర', 'వృథా', 'భారం', 'బాధ్యత గల' లాంటి విశేషణాలు ప్రశ్నలో కనపడితే కొట్టేస్తాను, ఎవరు రాయమన్నా సరే.

దుబారా సంగతి మాత్రం వదలకండి. అది జనం మనసులో నిజంగా ఉన్న మాట. 2011లో గాలప్ అనే సర్వే సంస్థ అడిగితే, ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి డాలరులో సగటున 51 సెంట్లు వృథా అవుతున్నాయని అమెరికన్లు చెప్పారు. ఇంత నమ్మకం ఉన్నప్పుడు, ఏ పద్దూ ముట్టుకోకుండానే అప్పు తగ్గించొచ్చని మనిషికి అనిపించడం సహజం. అందుకే దుబారాను టిక్ పెట్టే గడిగా ఇవ్వను. "మీరు చూసిన దుబారా ఒకటి చెప్పండి" అని అడిగి, మూడు గీతలు ఖాళీ వదులుతాను. తెరవని భవనం, ఏడాదికి రెండుసార్లు తవ్విన రోడ్డు, ఆఫీసులో ఉత్తినే తిరిగే ఫ్యాన్లు. ఇలాంటివి చెబుతారు. వాటిలో కొన్ని నిజంగా పెద్ద సొమ్ములు, కొన్ని చాలా చిన్నవి. రెండూ రాసుకోండి.

బిళ్లలతో అడగడం

నేను అన్నిటికంటే నమ్మే పద్ధతి ఇది. ఒక పెద్ద అట్ట మీద పద్దుల గడులు గీయండి. 100 బిళ్లలు తీసుకోండి, బొత్తాలైనా ఫర్వాలేదు. మీరు అడిగే దేశం బడ్జెట్ ఎలా ఉందో అలా బిళ్లలు పేర్చండి. ఉదాహరణకు అమెరికా 2023 ఆర్థిక సంవత్సరంలో సుమారు 6.1 ట్రిలియన్ డాలర్లు ఖర్చు పెట్టింది. దాన్ని 100 బిళ్లలు చేస్తే, వృద్ధాప్య పెన్షన్ల లాంటివి ఇచ్చే సోషల్ సెక్యూరిటీకి సుమారు 22, వృద్ధుల వైద్యం చూసే మెడికేర్‌కు 14, రక్షణకు 13, వడ్డీకి 11 వస్తాయి. మిగతావి మిగతా గడుల్లోకి వెళ్తాయి. ఈ 100లో దాదాపు 28 బిళ్లలు అప్పు తెచ్చినవి.

వడ్డీ బిళ్లలను అట్టకు అతికించేయండి. ఎవరైనా వాటిని లాగబోతే, "ఇవి పాత అప్పుకు కట్టాల్సినవండీ, తీయడానికి లేదు" అని చెప్పండి. చాలామంది ఆ గడి వైపు చూస్తూ ఉండిపోతారు. పాత అప్పు ఇంత స్థలం తింటోందని ఏ ఉపన్యాసమూ అంత బాగా చెప్పలేదు.

తర్వాత మూడు దారులూ ఒకే గొంతుతో చెప్పండి. బిళ్లలు తీసి ఖర్చు తగ్గించవచ్చు. వేరే రంగు బిళ్లలు వేసి పన్నులు పెంచవచ్చు. అలాగే వదిలేసి అప్పు కొనసాగించవచ్చు. మూడో దారిని చాలా సర్వేలు అసలు ఇవ్వవు. అది అన్యాయం. అప్పు ఉండనివ్వడం కూడా ఒక అభిప్రాయమే. మాంద్యంలో ఖర్చు తగ్గించకూడదని నమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లకు గడి లేకపోతే ఎక్కడ టిక్ పెడతారు?

ఇక చూస్తూ ఉండండి, మాట్లాడకండి. బిళ్ల తీస్తారు, వేళ్ల మధ్య పట్టుకుంటారు, మళ్లీ అక్కడే పెడతారు. ఏ గడి నుంచి మొదట తీశారు, ఎక్కడ వెనక్కి పెట్టారు అన్నది రాసుకోవడానికి ఫారంలో చోటు ఉంచండి. ఒకావిడ చదువు గడి నుంచి రెండు బిళ్లలు తీసి, చేతిలో పెట్టుకుని నన్ను అడిగింది: "ఇవి తీస్తే టీచర్లు తగ్గుతారా, బిల్డింగులు తగ్గుతాయా?" నా దగ్గర సమాధానం లేదు, అట్ట మీదా లేదు. ఆ రోజు నుంచి ప్రతి గడికీ ఒక చిన్న కార్డు రాసి పెట్టుకుంటున్నాను. ఆ గడిలో జీతాలకు ఎంత, కట్టడాలకు ఎంత, జనం చేతికి నేరుగా వెళ్లేది ఎంత అని అందులో ఉంటుంది. అడిగితే కార్డు చదివి వినిపించండి. మీ సొంత అభిప్రాయం మాత్రం ఒక్క ముక్క కూడా బయటికి రానీయకండి. కనుబొమ ఎగరేసినా అవతలివాళ్లు పసిగడతారు.

ఇలా చేతికి లెక్క ఇచ్చినప్పుడు జనం బాధ్యతగానే ఆలోచిస్తారు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంవాళ్లు 2011లో వెలువరించిన అధ్యయనంలో, మామూలు మనుషుల ముందు అమెరికా బడ్జెట్ పెట్టి సరిచేయమన్నారు. సగటున వాళ్లు లోటును గణనీయంగా తగ్గించారు. ఖర్చు తగ్గించిన దానికంటే పన్నుల ద్వారా రాబట్టిందే ఎక్కువ. అన్నిటికంటే పెద్ద కోత రక్షణకు పెట్టారు. 'ఖర్చు తగ్గించాలా, అవునా కాదా' అన్న ప్రశ్నతో ఇదంతా ఎన్నటికీ బయటపడదు.

మీరు అడిగే మనిషికి ఏ పథకం అందుతోందో కూడా తెలుసుకోవాలి. కానీ "మీకు ప్రభుత్వ సాయం అందుతోందా?" అని అడిగితే సరైన జవాబు రాదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ మెట్లర్ దీన్ని చూపించారు. సోషల్ సెక్యూరిటీ అందుకుంటున్నవాళ్లలోనే 44 శాతం మంది తాము ఏ ప్రభుత్వ సాంఘిక పథకాన్నీ ఎప్పుడూ వాడుకోలేదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, తమకొచ్చే సొమ్మును వాళ్లు అలా అనుకోవడం లేదు. అందుకని పథకాల పేర్లు ఒక్కొక్కటిగా చదివి అడగండి, అదీ బిళ్లల పని అయిపోయాకే. ముందే అడిగితే మనిషి తన గడిని కాపాడుకునే ధోరణిలో పడతాడు.

'తెలియదు' అనే హక్కు

జార్జ్ బిషప్ బృందం సిన్సినాటిలో ఒక లేని చట్టం గురించి అడిగింది. '1975 పబ్లిక్ అఫైర్స్ చట్టం' అనేది వాళ్లు కల్పించిన పేరు. అయినా మూడింట ఒక వంతు మంది దాన్ని రద్దు చేయాలనో, వద్దనో చెప్పేశారు. ప్రశ్న అడిగినవాళ్లను చిన్నబుచ్చకూడదని, తెలియదంటే తక్కువగా చూస్తారేమోనని అలా చెబుతారు. దేశం అప్పు లాంటి విషయంలో ఆ మొహమాటం ఇంకా ఎక్కువ. కాబట్టి మొదటి వాక్యమే ఇలా ఉండనివ్వండి: "చాలామందికి దీని గురించి ఆలోచించే తీరిక ఉండదు. మీరు ఎప్పుడైనా ఆలోచించారా?" ఆలోచించలేదంటే ఆ గడిలో గౌరవంగా టిక్ పెట్టి ముందుకు వెళ్లండి. ఆ సంఖ్యను రిపోర్టులో దాచకండి.

ఎంతమందిని అడగాలి అంటే, లాటరీ పద్ధతిలో ఎంచుకున్న 1000 మంది అయితే మీ శాతాలు మూడు పాయింట్లు అటూ ఇటూ ఉంటాయి. అందులో 100 మంది ఉన్న చిన్న గుంపును విడదీసి చూస్తే ఆ తేడా పది పాయింట్ల దాకా పోతుంది. తెలిసినవాళ్లకు లింకు పంపి చేసినదానికి ఈ లెక్క వర్తించదు, అది మీ పరిచయస్తుల అభిప్రాయం మాత్రమే. అలా చేస్తే తప్పేం లేదు, అలా చేశామని రాయాలి.

ఫలితం రాసేటప్పుడు

తేదీ లేకుండా ఏ శాతమూ రాయకండి. ఖర్చు మీద జనాభిప్రాయం కదులుతూ ఉంటుంది, అదీ ప్రభుత్వం చేసే పనికి ఎదురుదిక్కుగా. క్రిస్టఫర్ వ్లెజియెన్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1995లో దీన్ని థర్మోస్టాట్‌తో, అంటే గది వేడెక్కితే హీటర్ ఆపి, చల్లబడితే మళ్లీ వేసే పరికరంతో పోల్చారు. ఖర్చు బాగా పెరిగాక 'ఇక చాలు' అంటారు, బాగా తగ్గాక 'కాస్త పెంచండి' అంటారు. బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే 1983 నుంచి ఒకే ప్రశ్న అడుగుతోంది: పన్నులు, ఖర్చు రెండూ పెంచాలా, తగ్గించాలా, ఇలాగే ఉంచాలా? పెంచాలన్నవాళ్లు 2010లో సుమారు మూడో వంతు. పొదుపు చర్యలు ఏళ్ల తరబడి నడిచాక, 2017లో 60 శాతం. ప్రశ్న మారలేదు, మనుషులు బతుకుతున్న పరిస్థితి మారింది. మీరూ ఏడాది తర్వాత మళ్లీ అడగాలనుకుంటే, ప్రశ్నలో ఒక్క అక్షరం కూడా మార్చకండి. ఫారం కాపీ జాగ్రత్త చేయండి.

'వద్దు' అన్న మాటకు సొంత అర్థాలు తగిలించకండి. గ్రీసులో 2015 జూలై 5న, రుణదాతల షరతుల మీద ఎనిమిది రోజుల వ్యవధిలో పెట్టిన రెఫరెండంలో 61.3 శాతం వద్దన్నారు. ప్రశ్నలో రెండు ఆర్థిక పత్రాల పేర్లు ఉన్నాయి. కొందరు దాన్ని యూరో మీద తిరుగుబాటు అని రాశారు. అదే రోజుల్లో వచ్చిన సర్వేల్లో ఎక్కువమంది యూరోలోనే ఉండాలన్నారు. ఓటులో అడిగింది ఒకటి, వాళ్లు అందులో చదువుకున్నది ఇంకొకటి.

నేనైతే ఫలితాన్ని ఎప్పుడూ మూడు ముక్కలుగా రాస్తాను. మొత్తం ఖర్చు గురించి ఏమన్నారు, పద్దుల దగ్గర ఏమన్నారు, పన్నులు లేదా అప్పు అనే దారులు కూడా ముందు పెడితే ఏమన్నారు. మూడూ ఒకే పేరాలో, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. ఎడిటర్ ఒకటే కావాలంటే మూడోది ఇస్తాను.

ఆ పెద్దాయన ఫారం నేను పారేయలేదు. పొంతన లేదన్న కట్టలోంచి తీసి దాచుకున్నాను. కాగితం పసుపు పచ్చబడింది, టిక్కులు మాత్రం కనిపిస్తున్నాయి. ఇప్పుడు దాన్ని నింపమంటే ఇలా రాస్తాను. మొత్తం ఖర్చు: తగ్గించాలి. పద్దులు: ఏదీ వద్దు. దుబారా: ఎక్కడ ఉందో అడగలేదు. పన్ను: అడగలేదు. అప్పు ఉండనివ్వడం: అడగలేదు.